పెళ్ళి లెక్కల నోటుపుస్తకం

(రాత్రి బడిలో ఒక టీచరమ్మ చెప్పిన మాటలు)

 

ఈ రోజు మనం పుస్తకంలో పాఠం చదవటం లేదు. పోయిన వారం మన బడికి వచ్చే ఒక అక్క నన్ను ఆపి అడిగింది. "టీచరమ్మా, మా బిడ్డకు సంబంధం కుదిరింది. మూడు లక్షలు అప్పు తేవాలె అంటున్నడు మా ఆయన. ఏం చేద్దాం?" అని. నేను అప్పుడేమీ చెప్పలేకపోయాను. రేపు చెప్తాను అక్కా అని ఇంటికి వెళ్ళాను. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మూడు లక్షలు నాకు బాగా తెలుసు. అవి ఒకసారి మా ఇంటికి వచ్చాయి.

2013లో మా అక్క పెళ్ళి. నేను అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మాకు రెండెకరాల చెలక ఉండేది. నాయన మూడు లక్షలు అప్పు తెచ్చాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ కాగితం మీద లెక్క వేసి చూడలేదు. మీరిప్పుడు పలకలు తీయండి. మనం వేద్దాం.

వందకు నెలకు మూడు రూపాయలు. లక్షకు మూడు వేలు. మూడు లక్షలకు నెలకు తొమ్మిది వేలు. రోజుకు 500 రూపాయల కూలి అనుకోండి. తొమ్మిది వేలంటే 18 రోజుల కూలి. నెలలో 18 రోజులు వడ్డీ కోసమే పని చేయాలి. అసలు అట్లాగే ఉంటుంది. ఏడాదికి వడ్డీ ఎంత? 1,08,000. మూడేళ్ళకు? 3,24,000. చూశారా! మూడేళ్ళలో వడ్డీయే అసలును దాటిపోయింది.

నాయన కొంత కట్టాడు. కొంత కట్టలేకపోయాడు. 2016లో ఎకరం అమ్మాడు.

పెళ్ళి బాగా జరిగింది అన్నారు అందరూ. ఒక వారం రోజులు అన్నారు. తరువాత ఎవరూ అనలేదు. అక్క ఇప్పటికీ పండుగకు వస్తే ఆ చెలక పక్క బాటన నడవదు. ఊరి చుట్టూ తిరిగి ఇంటికి వస్తుంది. "నా పెళ్ళికే గదా పోయింది" అంటుంది. అది ఆమె చేసిన తప్పా? ఆమెను ఒక్క మాట కూడా అడగకుండానే అన్నీ చేశారు.

అందుకే నా పెళ్ళి మాట వచ్చినప్పుడు నేను ముందే ఒక నోటుపుస్తకం కొన్నాను. ఇదిగో, తెచ్చాను. చేతికి చేతికి ఇచ్చి చూడండి. పది రూపాయల పుస్తకమే. పోయిన మాఘమాసంలో నా పెళ్ళి అయింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా లెక్క ఇందులో ఉంది. తప్పులు కూడా ఉన్నాయి. దాచలేదు.

మొదటి పేజీలో ఖర్చు రాయలేదు. మన దగ్గర ఎంత ఉంది అన్నది రాశాను. మామూలుగా మనం ఏం చేస్తాం? ముందు కావలసినవన్నీ చెప్పుకుంటాం. తరువాత డబ్బు కోసం తిరుగుతాం. నేను తిప్పి రాశాను. పత్తి అమ్మితే వచ్చినవి 70,000. అమ్మ పొదుపు 30,000. నేను ప్రైవేటు బడిలో చెప్పి దాచుకున్నవి 50,000. మేనమామ ఇస్తానన్నవి 30,000. మొత్తం 1,80,000. దాని కింద గీత గీశాను. నాయనకు చదివి వినిపించాను. "ఇంతలో అయితే చేసుకుంటాను. దాటితే ఇంకో ఏడాది ఆగుదాం" అన్నాను.

అమ్మ కోపం చేసింది. "నలుగురిలో తల ఎత్తుకోవద్దా?" అంది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మా ఇంట్లో జరిగిన పెద్ద గొడవ అదొక్కటే. మీ ఇంట్లో కూడా జరుగుతుంది. జరగనివ్వండి. పెళ్ళి అయ్యాక జరిగే గొడవ కన్నా అది చిన్నది.

ఇంక సంబంధం సంగతి. మొదట వచ్చిన వాళ్ళు మధ్యవర్తి చేత చెప్పించారు. "కట్నం ఏమీ వద్దు. బండి ఒక్కటి పెట్టండి చాలు" అని. బండి కట్నం కాదా? కట్నమే. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. డబ్బయినా, బండి అయినా, భూమి అయినా, పెళ్ళి కోసం ఇవ్వాలి అని అడిగితే అది కట్నమే. తీసుకున్నవాళ్ళకు తక్కువలో తక్కువ అయిదేళ్ళ జైలు అని ఆ చట్టంలో ఉంది. ఇచ్చినవాళ్ళదీ నేరమే. ఊళ్ళో ఎవరు పాటిస్తున్నారు అంటారా? నిజమే, పాటించటం లేదు. అయినా తెలిసి ఉంటే మాట్లాడేటప్పుడు గొంతు వణకదు.

నేను మొదటి పేజీ వాళ్ళకు చూపించమన్నాను. నాయన సిగ్గుపడ్డాడు. "మన పేదరికం మనమే చూపెట్టుకుంటామా?" అన్నాడు. చివరికి చూపించాడు. ఆ సంబంధం తప్పిపోయింది. నాకు బాధ కాలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? చాలా బాధ అయింది. అమ్మ అయితే ఏడ్చింది. అన్నం తినలేదు.

నాలుగు నెలలకు ఇంకో సంబంధం వచ్చింది. అబ్బాయి కరెంటు పని చేస్తాడు. వాళ్ళూ బండి మాట ఎత్తారు. నేను ఈసారి పుస్తకం నాయన చేతికి ఇవ్వలేదు. పెద్దవాళ్ళ ముందే అబ్బాయికి ఇచ్చాను. ఆయన నిదానంగా చదివాడు. ఆ రోజు ఏమీ అనలేదు. రెండు రోజులకు ఫోను వచ్చింది. బండి తానే కొనుక్కుంటానన్నాడు. ఆడబిడ్డ లాంఛనాలు మాత్రం తప్పలేదు. అత్తమ్మ ఒప్పుకోలేదు. రెండు పట్టుచీరలు పెట్టాం. అన్నీ మనం అనుకున్నట్టే జరగవు.

ఇప్పుడు ఖర్చుల పేజీలు చూద్దాం.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు అన్నం పెట్టటం. అందుకని మనుషుల లెక్క ముందు తేలాలి. మేము పేర్లు రాశాం. ఇంటింటికీ ఎంతమంది వస్తారో పక్కన అంకె వేశాం. మొదట 520 వచ్చింది. తరువాత అమ్మ, నేను కూర్చుని కొట్టివేస్తూ వచ్చాం. పదేళ్ళుగా మన గడప తొక్కని వాళ్ళను తీసేశాం. నాయనకు దండం పెట్టే పరిచయం మాత్రమే ఉన్నవాళ్ళను తీసేశాం. 300కు వచ్చింది.

వంటమేస్త్రిని అడిగితే సామాన్ల చీటీ రాసిస్తాడు. దాన్ని మీరు చదవాలి. మీకు ఇప్పుడు చదవటం వచ్చు. వందమందికి 10 నుంచి 12 కిలోల బియ్యం పడతాయి. 300 మందికి 36 కిలోలు పెట్టుకుంటే చాలు. మేస్త్రి మాకు 60 కిలోలు రాశాడు. ఎందుకన్నా అని అడిగితే నవ్వాడు. "తక్కువ పడితే నన్ను తిడతారమ్మా" అన్నాడు. ఆయన మాటా నిజమే. మేము 40 కిలోలు వండించాం.

కూర సంగతి చెప్తాను. మన దిక్కు దావత్ అంటే మటన్ ఉండాలి అంటారు. మనిషికి 150 గ్రాములు వేసుకోండి. 300 మందికి 45 కిలోలు. కిలో 900 అనుకుంటే 40,500 రూపాయలు. కోడికూర అయితే మనిషికి 200 గ్రాములు వేసినా 60 కిలోలు. కిలో 250 అనుకుంటే 15,000. తేడా ఎంత? పలక మీద తీసివేత చేయండి. 25,500. మేము కోడికూర, పప్పు, వంకాయకూర, చారు, పెరుగు పెట్టాం. తీపికి బూంది. మా మేనత్త మటన్ పెట్టలేదని ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. దసరాకు వెళ్ళి మాట్లాడిస్తాను.

మందు పొయ్యం అని నాయన చేత ముందే అందరికీ చెప్పించాను. ఆ ఖర్చు మామూలుగా ఏ చీటీలోనూ రాయరు. మగవాళ్ళు జేబులోంచి తీసి ఇస్తుంటారు. రాయకుండా పోయే ఖర్చు అదే. అక్క పెళ్ళిలో అది ఎంత అయిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఫంక్షన్ హాలు మాకు వద్దనుకున్నాం. ఇంటి ముందు పందిరి వేశాం. బడి పక్కనున్న ఖాళీ జాగాలో షామియానా కట్టి బంతులు వేశాం. వంటపాత్రలు టెంటుహౌసు నుంచి తెచ్చాం. కొన్ని మహిళా సంఘం పాత్రలు దొరికాయి. పాత్రలు తెచ్చేటప్పుడు లెక్కపెట్టి రాసుకోండి. ఇచ్చేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. మా అక్క పెళ్ళికి నాలుగు గంగాళాలు పోయాయని డబ్బు కట్టించుకున్నారు. నిజంగా పోయాయో లేదో మాకు తెలియదు. రాసుకోలేదు గదా!

ఇంకో మాట. ముహూర్తాలు ఎక్కువ ఉన్న రోజు అందరూ ఒకేసారి చేస్తారు. వంటమేస్త్రి, బాజాలు, పూలు అన్నీ ఆ రోజు పిరం. పంతులుగారిని రెండు మూడు తేదీలు అడగండి. ఆదివారం కాని రోజు ఉంటే చూసుకోండి. మాది బుధవారం పడింది. షామియానా వాడు తగ్గించాడు.

బరాత్‌కు డీజే కావాలని మా తమ్ముడు అలిగాడు. మేము మా ఊరి డప్పులే పెట్టాం. వాళ్ళకు భోజనం పెట్టి, బట్టలు పెట్టి, మాట్లాడుకున్న డబ్బు ఇచ్చాం. తమ్ముడే అందరికన్నా ఎక్కువ ఎగిరాడు.

బంగారం గురించి జాగ్రత్తగా వినండి. ఇక్కడ చదువు రాని ఆడవాళ్ళు ఎక్కువ మోసపోతారు. నగ మీద మూడు గుర్తులు ఉండాలి. ఒకటి, బిఐఎస్ ముద్ర. మూడు మూలల బొమ్మ లాగా ఉంటుంది. రెండు, ఎన్ని క్యారెట్లో. 22 క్యారెట్లయితే 916 అని ఉంటుంది. అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం, మిగిలింది వేరే లోహం. మూడు, అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరు అంకెల నంబరు లేని హాల్‌మార్క్ నగ షాపువాళ్ళు అమ్మకూడదు. అక్షరాలు చిన్నగా ఉంటాయి. అద్దం ఇవ్వమని అడగండి. సిగ్గుపడకండి. ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే ఫోనులో బిఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడవచ్చు.

రెండు గ్రాముల లోపు వస్తువుకు ఈ ముద్ర తప్పనిసరి కాదు. మన పుస్తెలు ఒక్కొక్కటి అంతే ఉంటాయి. కనుక బిల్లు తీసుకోండి. ఎన్ని క్యారెట్లు, ఎంత బరువు అని బిల్లు మీద రాయించుకోండి. తరుగు ఎంత వేశాడో అడగండి. తులం గొలుసుకు నూటికి 12 తరుగు వేస్తే ఒక గ్రాము, ఇంకా 200 మిల్లీగ్రాముల బంగారానికి మనం ఊరికే డబ్బు కట్టినట్టు. నాలుగు దుకాణాలు తిరిగితే తరుగు తగ్గుతుంది. నేను పుస్తెలు, మెట్టెలు మాత్రమే కొత్తవి కొన్నాను. కమ్మలు అమ్మవి. మెరుగు పెట్టించాం. పెళ్ళిలో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు మీకు తెలిసింది!

పెళ్ళి చీర మంచిదే కొనుక్కున్నాను. 6,000 అయింది. అది ఎక్కువే. అయినా కొనుక్కున్నాను. అన్నిటిలోనూ కడుపు కట్టుకుంటే పెళ్ళికూతురుకు సంతోషం ఎక్కడ ఉంటుంది? ఒక్కటి మీ మనసుకు నచ్చింది పెట్టుకోండి.

కళ్యాణలక్ష్మి గురించి చాలామంది అడిగారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టింది. ముస్లిం అక్కచెల్లెళ్ళకు దాన్ని షాదీ ముబారక్ అంటారు. మొదట 51,000 ఇచ్చేవారు. 2018 నుంచి 1,00,116 రూపాయలు అయింది. చెక్కు పెళ్ళికూతురు తల్లి పేరున వస్తుంది. మీసేవలో దరఖాస్తు పెట్టాలి. పెళ్ళికూతురుకు 18 ఏళ్ళు నిండాలి. ఆధార్, కులం, ఆదాయం కాగితాలు, బ్యాంకు పుస్తకం, పెళ్ళిపత్రిక, పెళ్ళిఫోటో దాచి పెట్టుకోండి. కాగితాల మీద పేరు అన్నిటిలో ఒకే రకంగా ఉందా అని ముందే చదివి చూసుకోండి. నా పేరు ఒక కాగితంలో ఒక అక్షరం తేడా ఉంది. దానికోసం మూడుసార్లు మండలం ఆఫీసుకు తిరిగాను.

ఒక్క సంగతి మరిచిపోవద్దు. ఆ డబ్బు పెళ్ళినాటికి రాదు. మాకు అయిదో నెలలో వచ్చింది. కొందరికి ఇంకా ఆలస్యం అవుతుంది. "చెక్కు రాగానే ఇద్దురు, ఇప్పుడు తీసుకోండి" అని వడ్డీకి ఇచ్చేవాళ్ళు ఇంటికి వస్తారు. అది నూటికి మూడు, నూటికి అయిదు వడ్డీ. చెక్కు వచ్చేసరికి అందులో మన భాగం తగ్గిపోతుంది. రాని డబ్బును మొదటి పేజీలో రాయకండి.

18 ఏళ్ళ మాట వచ్చింది గనుక చెప్తున్నాను. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. "ఇప్పుడైతే ఖర్చు తక్కువ, కట్నం తక్కువ" అని పదహారేళ్ళకే చేసేవాళ్ళు మన మండలంలో ఇంకా ఉన్నారు. అట్లాంటిది మీ చెవిన పడితే 1098కి ఫోను చేయండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ. పెళ్ళిలో ఎవరేమి ఇచ్చారో రాసే పేజీ.

చదివింపులు రాయటం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. పందిట్లో ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఎవరు 116 ఇచ్చారు, ఎవరు 516 ఇచ్చారు అని రాస్తాడు. రేపు వాళ్ళింట్లో పెళ్ళి అయితే మనం తిరిగి పెట్టాలి గదా. అంటే అది కూడా ఒక అప్పే. వడ్డీ లేని అప్పు. ఆ పుస్తకం మగవాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. నా పెళ్ళిలో అమ్మ పక్కన కూర్చుంది. ఆమెకు చదవటం రాదు. మా పక్కింటి పిల్ల, ఇంటరు చదువుతుంది, ఆ పిల్ల రాసింది.

దానితోపాటు ఇంకో పట్టిక రాయించాను. నాకు పెట్టినవి ఏవి అన్నది. చట్టం కింద 1985లో వచ్చిన నియమాల్లో ఇది ఉంది. పెళ్ళికూతురుకు వచ్చిన వస్తువులకు ఒక పట్టిక ఉండాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎవరు ఇచ్చారు, వాళ్ళు మనకు ఏమవుతారు అని రాయాలి. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు ఇద్దరూ సంతకం పెట్టాలి. పెళ్ళికూతురు పట్టిక పెళ్ళికూతురు దగ్గరే ఉండాలి.

అందులో ఇంకో మాట ఉంది. సంతకం రాని పిల్ల అయితే ముందు పట్టిక ఆమెకు చదివి వినిపించాలి. చదివినవాళ్ళు కూడా సంతకం పెట్టాలి. అప్పుడే ఆమె వేలిముద్ర వేయాలి. నేను అది చదివినప్పుడు మా అక్క గుర్తుకు వచ్చింది. అక్క అయిదో తరగతి దాకా చదివింది. సంతకం వచ్చు. ఆమెకు పెట్టిన రెండు తులాల గొలుసు ఇప్పుడు ఎక్కడ ఉందో ఆమెకు తెలియదు. తాకట్టులో ఉందని అత్తగారు ఒకసారి అన్నారు. అమ్మేశామని ఇంకోసారి అన్నారు. అడగటానికి అక్క దగ్గర ఒక్క కాగితం లేదు.

నా పట్టికలో తొమ్మిది వస్తువులే ఉన్నాయి. బీరువా కూడా లేదు. మా ఆయన సంతకం పెట్టేటప్పుడు వాళ్ళ వాళ్ళు కొందరు నవ్వారు. "పోలీసు పంచనామానా?" అన్నారు. పెట్టాడు. మీకు ఇబ్బంది వస్తే, బెదిరిస్తే 181కి ఫోను చేయవచ్చు. ఆడవాళ్ళ కోసమే పెట్టిన నంబరు. గోడ మీద రాసి పెట్టాను. అందరూ చూసి రాసుకోండి.

పెళ్ళి రిజిస్టరు చేయించటం కూడా 2002 చట్టం ప్రకారం తప్పనిసరి. పెళ్ళిపత్రిక, ఫోటో, వయసు కాగితాలు, సాక్షులు కావాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. మేము పెళ్ళి అయిన పదిహేను రోజులకు చేయించుకున్నాం.

చివరికి లెక్క ఎంత తేలింది అంటారా? భోజనాలు 60,000. పందిరి, షామియానా, పాత్రలు 20,000. బట్టలు 20,000. బంగారం, మెట్టెలు 35,000. పంతులుగారు, పూజసామాను, డప్పులు 12,000. పెట్టుపోతలు 20,000. ఫోటోలు 8,000. కలిపితే 1,75,000. ఇది ముందు వేసుకున్న లెక్క. 5,000 చేతిలో పెట్టుకున్నాం. అది చాలలేదు. 300 అనుకుంటే 360 మంది వచ్చారు. రెండు గంటలకు మళ్ళీ కోళ్ళు, పెరుగు తెప్పించాల్సి వచ్చింది. ఆటోలకు కూడా అనుకోని ఖర్చు అయింది. మొత్తం 1,88,000 తేలింది. 8,000 తక్కువ పడింది. అమ్మ సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకుంది. నాలుగు నెలల్లో కట్టేసింది. ఈసారి ఎవరైనా చేస్తే పేర్ల లెక్కకు పైన నూటికి ఇరవై మందిని కలుపుకోండి. నేను ఆ తప్పు చేశాను.

మిగిలిన ఎకరం అట్లాగే ఉంది. ఈ ఏడు కంది వేశాం.

ఇప్పుడు ఆ అక్క సంగతి. ఆమె ఇక్కడే కూర్చుంది. పేరు చెప్పను. ఆమె బిడ్డ పెళ్ళి ఇంకా మూడు నెలలు ఉంది. ఇంట్లో ఏమేమి ఉందో రాద్దామంటే నిన్న ఆమె "నాకు అంకెలు వస్తయి గాని లక్షలు రాయరాదు" అంది. అందుకే ఈ రోజు బోర్డు మీద వెయ్యి, పదివేలు, లక్ష రాశాను. సున్నాలు ఎన్నో చూసుకుంటూ అందరూ మూడుసార్లు రాయండి. తరువాత అక్కా, నువ్వు ముందుకు వచ్చి కూర్చో. నీ మొదటి పేజీ నువ్వే రాయి. నేను పక్కన ఉంటాను.